ఫోన్ల సర్వర్ క్లౌడ్‌కి వెళ్తే నా సంగతేంటి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో నాలుగేళ్లుగా సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నాను. కాల్స్ నడిపే విసిడయల్, ఫ్రీపీబీఎక్స్ సర్వర్లు (రెండూ ఆస్టెరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేవే) చూసుకునేది నేనే. ఇప్పుడు అంతా క్లౌడ్‌కి మారుస్తామంటున్నారు. ఫ్రెండ్సేమో ఈ ఆస్టెరిస్క్ గోల వదిలేసి జావా నేర్చుకోమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఈ లైన్‌లో ముందు ముందు ఉద్యోగాలుంటాయా సార్?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఉంటాయండీ. కాకపోతే సర్వర్ ఎక్కించి, ఎక్స్‌టెన్షన్లు ఇచ్చి, 'తెలుగు కోసం రెండు నొక్కండి' అని ఐవీఆర్ పెట్టే పనికి మాత్రం ఇక పెద్దగా డబ్బులు రావు. ఫ్రీపీబీఎక్స్‌లో అదంతా మౌస్‌తోనే అయిపోతుంది, క్లౌడ్ కంపెనీలు లాగేసుకుంటున్నదీ సరిగ్గా ఆ పనినే. 1999లో మార్క్ స్పెన్సర్ తన చిన్న కంపెనీకి ఫోన్ సిస్టమ్ కొనే స్తోమత లేక ఆస్టెరిస్క్ రాసుకున్నాడు. అప్పట్లో దాన్ని నడపడమే ఓ విద్య, ఇప్పుడు కాదు.

మరి జీతం దేనికిస్తారంటారా? ఇది మీకూ ఎదురయ్యే ఉంటుంది: ఏజెంట్ మాట కస్టమర్‌కి వినపడుతుంది, కస్టమర్ మాట మాత్రం ఇటు రాదు. సర్వర్ రీస్టార్ట్ చేసి దేవుడికి దండం పెట్టుకునేవాళ్లే ఎక్కువ. తెలిసినవాడు కాల్ సందేశాలు చూపించే ఎస్‌ఎన్‌గ్రెప్ అనే టూల్ తెరిచి, ఆ కాల్ మొదలుపెట్టడానికి మన సర్వర్ పంపిన ఇన్వైట్ అనే సందేశంలోకి వెళ్లి, 'మాటలు నాకు ఈ అడ్రస్‌కి పంపు' అని చెప్పే 'సి' లైన్ చూస్తాడు. అక్కడ 192.168తో మొదలయ్యే ఆఫీసు లోపలి అడ్రస్ ఉందంటే దొంగ దొరికినట్టే, బయటి ఆపరేటర్ దానికి ఎలా పంపుతాడు పాపం! అడ్రస్ బాగానే ఉంటే అప్పుడు ఫైర్‌వాల్‌లో మాటలు వచ్చే ఆర్‌టీపీ పోర్టులు (మామూలుగా 10000 నుంచి 20000) తెరిచి ఉన్నాయా అని చూస్తాడు. సర్వర్ మీ ఆఫీసు గదిలో ఉన్నా క్లౌడ్‌లో ఉన్నా ఈ తలనొప్పి మారదు, అందుకే సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) క్షుణ్ణంగా తెలిసినవాడికి పని పోదు.

ఇప్పుడు అందరూ వాయిస్ బాట్ల వెంటపడుతున్నారు కదా, అక్కడ కూడా నడుస్తున్న కాల్‌లోంచి మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసి బాట్‌కి అందించే మనిషి కావాలి. దానికి ఏఆర్‌ఐ (బయటి ప్రోగ్రామ్‌తో ఆస్టెరిస్క్ కాల్స్‌ని నడిపించే దారి), కాస్త పైథాన్ నేర్చుకోండి. ఆ తర్వాత కమాయిలియో, ఫ్రీస్విచ్ అనే వేరే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్లలో ఒకటి పట్టుకోండి. మీ సర్వర్‌లో ఇంకా ఆస్టెరిస్క్‌లో సిప్ కాల్స్ చూసే పాత భాగం చాన్ సిప్ నడుస్తుంటే ముందు దాని బదులొచ్చిన పీజేసిప్‌కి రండి, 2023లో వచ్చిన ఆస్టెరిస్క్ 21 నుంచి పాతదాన్ని పీకేశారు.

జావాతో పోలిస్తే ఈ ఖాళీలు చాలా తక్కువ, అది దాచను. పోటీకి వచ్చేవాళ్లూ తక్కువే. మన హైదరాబాద్‌లోనే ఓజోనెటెల్ లాంటి క్లౌడ్ టెలిఫోనీ కంపెనీలున్నాయి, సిప్ ట్రంకులు (ఇంటర్నెట్ మీద వచ్చే ఫోన్ లైన్లు) అమ్మేవాళ్లున్నారు. అర్ధరాత్రి ఫోన్లొస్తాయి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకోండి.

ఇంకో మాట. ఈ పని తెలుసని తెలిస్తే ఎవరో ఒకరు వచ్చి 'గదిలో గేట్‌వే, నాలుగు సిమ్ములు పెట్టు, ఇంటర్నెట్‌లో వచ్చే విదేశీ కాల్స్‌ని లోకల్ కాల్స్‌లా దింపుదాం' అంటారు. అది అక్రమ ఎక్స్ఛేంజి, పోలీసు కేసు అవుతుంది. వాళ్ల టీ కూడా తాగకండి.

ఇక క్లౌడ్‌కి మారే పనిని మీరే అడిగి తీసుకోండి. ఏ నంబరు ఏ క్యూకి వెళ్తుందో, పాత రికార్డింగులు ఎక్కడున్నాయో మీకు తప్ప ఆ ఆఫీసులో ఇంకెవరికి తెలుసు?