ఇంటి దగ్గర కుక్కపిల్లల్ని అమ్ముతున్నాం, లైసెన్సు కావాలా?

ప్రశ్న: మాది కావలి. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు ఆడ లాబ్రడార్లను, ఒక మగదాన్ని పెంచుతున్నాం. కరోనాలో మా ఆయన షాపు మూతపడినప్పటి నుంచి ఈ కుక్కపిల్లల మీదే ఇల్లు గడుస్తోంది. మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కూడా ఇందులోంచే కడుతున్నాం. ఆడవి రెండూ ఏడాదికి రెండేసి ఈతలు పెడతాయి. ఈమధ్య నెల రోజుల పిల్లను కొనుక్కెళ్లిన ఒకాయన, అది పార్వో అనే వైరస్ జబ్బుతో చనిపోయిందని, డబ్బు తిరిగి ఇవ్వకపోతే లైసెన్సు లేదని కేసు పెడతానని అంటున్నాడు. మా దగ్గర కెన్నెల్ క్లబ్ కాగితాలున్నాయి. అవి చాలవా? కుక్కల్ని పట్టుకుపోతారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, కెన్నెల్ క్లబ్ కాగితం మీ కుక్కది ఏ జాతో, దాని తల్లీ తండ్రీ ఏవో చెబుతుంది. అమ్ముకోవడానికి అది అనుమతి కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రం 2017 మే నెలలో కుక్కల బ్రీడింగ్, అమ్మకాలకు నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పిల్లల్ని పెట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. ఇంట్లో మూడు కుక్కలే కదా అంటే కుదరదు. ఫీజు 5,000 రూపాయలు. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది.

ఇక మీ అసలు భయం. నిబంధన మీరితే 100 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు. కుక్కల్ని పోగొట్టుకునే ప్రమాదం మాత్రం ఎక్కువగా వాటి పరిస్థితిని బట్టే వస్తుంది. హింస రుజువై, మీ దగ్గరే ఉంచితే మళ్లీ బాధపడతాయని కోర్టు అనుకుంటే యాజమాన్యమే తీసేయొచ్చు. కేసు నడిచేటప్పుడు వాటిని జంతువుల ఆశ్రమానికి పంపితే ఆ తిండి ఖర్చు కూడా మీ మీదే పడుతుంది.

అందుకే మీరు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర ఆగాను. ఏడాదికి రెండేసి ఈతలు. అమ్మా, అది కుదరదు. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాలి, ఎనిమిదేళ్లు దాటకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, బతుకు మొత్తం మీద ఐదే. జత కట్టించే ముందు పశువుల డాక్టరు చూసి ఆరోగ్యంగా ఉందని రాసివ్వాలి. సుమారు ఆరు నెలలకోసారి ఎదకు వస్తుంది కాబట్టి ఒక ఎద వదిలేయాల్సిందే. ఆదాయం సగానికి పడుతుందని తెలుసు. అయినా చెబుతున్నాను. కేసు పని మీద ఒకసారి ఇలాంటి షెడ్డుకు వెళ్లాను. తొమ్మిది పిల్లలు పాలు తాగుతుంటే తల్లి లేచి నిలబడాలని చూసింది, వెనక కాళ్లు ఆగలేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పొదుగు నేలకు రాసుకుని పుండు పడింది. పిల్లలు మాత్రం బొద్దుగా ఉన్నాయి. కొనడానికి వచ్చినవాళ్లు వాటినే చూస్తున్నారు.

పిల్ల చనిపోయిన విషయంలో తప్పు మీ వైపే ఉంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు వేయించి, ఆ కాగితం చేతికివ్వాలి. ఆయన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఈపాటి మొత్తానికి అక్కడ ఫీజు కూడా ఉండదు. కాబట్టి పిల్ల ధర తిరిగి ఇచ్చేసి, ముట్టినట్టు సంతకం చేయించుకోండి. అంతకు మించి బెదిరించి అడిగితే ఇవ్వొద్దు. రాజీపడినంత మాత్రాన రిజిస్ట్రేషన్ లేని లోపం పోదన్నది గుర్తుంచుకోండి.

నచ్చిన వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చింది, సమంజసమైన ఆంక్షలకు లోబడి. జంతువులకూ గౌరవంగా బతికే హక్కుందని 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి కుక్క విషయంలో ఈ నిబంధనలు న్యాయమైనవేనని నేను గట్టిగా నమ్ముతాను. నాకు కోపం వచ్చేది వేరే చోట. మూడు కుక్కలున్న మీకూ, యాభై కుక్కలున్న వ్యాపారికీ అదే 5,000. ఆయనకు 100 రూపాయల జరిమానా లెక్కే కాదు, మీకు ఫీజు కట్టడమే భారం. చిన్నవాళ్లకు ఫీజు తగ్గించి, దరఖాస్తు ఊళ్లోని పశువుల ఆసుపత్రిలోనే తీసుకుంటే సగం మంది తమంతట తామే వచ్చి నమోదు చేయించుకుంటారు. మీలాంటి నలుగురు కలిసి సోమవారం కలెక్టరేట్‌లో ఈ మాట అర్జీగా ఇవ్వండి. నేను రాసిపెడతాను.

ఈలోగా నెల్లూరులోని పశుసంవర్ధక శాఖ జిల్లా కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు సంగతి కనుక్కోండి. రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా కొత్తగా కట్టించొద్దు, అమ్మొద్దు. ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి కుక్క పుట్టిన తేదీ, ఈతలు, టీకాలు, ఏ పిల్ల ఎవరికి వెళ్లిందో రాయండి. తనిఖీకి వస్తే ముందు అడిగేది ఆ రికార్డే. రోహిణి కార్తెలో రేకుల కింద అవి ఉండలేవు, పైన తాటాకు కప్పించండి. మగదాన్ని మాత్రం ఈ రోజే వేరే చోట కట్టేయండి.