పాఠం చెప్పేవారే పేపరు దిద్దుతారు

ప్రశ్న: అన్నగారూ, ఈ ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్.లో చేరాను. ఒకే కోర్సును ఇద్దరు ప్రొఫెసర్లు విడివిడిగా చెబుతున్నారు. ఒకాయన దగ్గర చేరితే ‘ఏ’ గ్రేడు ఖాయమని సీనియర్లు అంటున్నారు. రెండో ఆవిడ చాలా కఠినమట. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి నన్ను పంపారు. సులువైన కోర్సు తీసుకుని జీపీఏ (4కి లెక్కగట్టే గ్రేడ్ల సగటు) కాపాడుకోవడమే మంచిదా? – ఖమ్మం జిల్లా విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో పొలం కాగితాల మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 2006 ఆగస్టులో నేను ఇదే రాష్ట్రంలో దిగేనాటికి మా ఇంటి కాగితాలు కూడా బ్యాంకులోనే ఉన్నాయి. నాన్నగారు నల్గొండ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల మాస్టారు. అప్పుడు డాలరు 46 రూపాయలు. ఇప్పుడు 80 దాటి చాలా కాలమైంది కనుక నీ తప్పు నా తప్పుకన్నా ఖరీదైనది అవుతుంది. అందుకే ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోలేను.

ముందు ఒక తేడా నీ మనసులో బాగా నాటుకోవాలి. నేను బీటెక్ చదివింది హైదరాబాదు శివార్లలో, జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో. అక్కడ పాఠం చెప్పేది ఒకరు, ప్రశ్నపత్రం తయారుచేసేది మరొకరు, దిద్దేది మనం ఎన్నడూ చూడని ఇంకొకరు. ఎనిమిది ప్రశ్నల్లో ఏవైనా ఐదు రాయాలి, ఒక్కోదానికి 16 మార్కులు. కోఠీలో పాత పుస్తకాల దుకాణానికి వెళ్ళి గైడు కొనుక్కుని, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని పది రోజులు కూర్చుంటే గట్టెక్కేవాళ్ళం. తరగతిలో ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అన్నదానికి మార్కులతో పెద్దగా సంబంధం ఉండేది కాదు. ఇక్కడ పాఠం చెప్పేవారే హోంవర్క్ ఇస్తారు, వారే పేపరు తయారుచేస్తారు, వారో వారి కింద పనిచేసే విద్యార్థో దిద్దుతారు. ఏ పరీక్షకు ఎంత శాతమో మొదటి రోజే సిలబస్‌లో రాసి ఇస్తారు. ఇక్కడ ఫీజు క్రెడిట్ల లెక్కన, అంటే కోర్సు బరువును బట్టి కడతాం. కాబట్టి గురువును ఎంచుకోవడమంటే మూడు క్రెడిట్ల డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నావో ఎంచుకోవడమే. ఇది నాకు మొదటి సెమిస్టర్ అయిపోయాక అర్థమైంది. నీకు ఇప్పుడే తెలుస్తోంది, అది నీ అదృష్టం.

ఇక నా సంగతి విను. నేను దిగిన మొదటి వారమే నలుగురు సీనియర్లు కూర్చోబెట్టి, అల్గారిదమ్స్ కోర్సు ఫలానా ప్రొఫెసర్ దగ్గరే తీసుకోమన్నారు. ఆయన దగ్గర ఎవరూ తప్పరట, పరీక్ష అంతా స్లైడ్ల నుంచే వస్తుందట. నేను పేరు నమోదు చేసుకున్నప్పుడు ఆ కోర్సు ఎదురుగా బోధించేవారి పేరు లేదు, ‘స్టాఫ్’ అని మాత్రమే ఉంది. ఇంకా ఎవరికీ అప్పగించలేదని దాని అర్థం. ఆ మాట నాకు తెలియదు, అడగనూ లేదు. మొదటి రోజు తరగతిలోకి వచ్చింది వేరొకరు. సీనియర్లు చెప్పినాయన ఆ ఏడాది పాఠాలే చెప్పడం లేదని తరువాత తెలిసింది. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, రెండేళ్ళ కిందటి నిజం.

మొదటి హోంవర్క్‌లో 40కి 11 వచ్చాయి. ఆఫీస్ అవర్స్, అంటే సందేహాలు తీర్చడానికి ప్రొఫెసర్ తన గదిలో ఉండే వేళలు, మంగళ, గురువారాలని సిలబస్‌లో ఉంది. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మాస్టారి గదికి వెళ్ళడమంటే ఏదో తప్పు చేసి పిలిపించుకోవడమే అన్న భయం మనకు చిన్నప్పటి నుంచీ ఉంటుంది. పైగా బీటెక్‌లో 78 శాతం తెచ్చుకున్నవాడిని, నాకు రాదని వెళ్ళి చెప్పడమా అనే పట్టుదల. ఈలోగా తరగతులు మొదలయ్యాక వచ్చే 12వ రోజు వచ్చి వెళ్ళిపోయింది.

ఆ 12వ రోజు గురించి ఆగి చెప్పాలి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫాల్ (ఆగస్టులో మొదలయ్యేది), స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యేది) సెమిస్టర్లకు విద్యార్థుల లెక్క తేల్చే రోజు అది, ఫాల్‌లో అయితే సెప్టెంబరు రెండో వారం ప్రాంతంలో వస్తుంది. ఆలోగా కోర్సు వదిలేస్తే మార్కుల పత్రంలో ఆనవాలు ఉండదు, ఆ క్రెడిట్ల డబ్బు తిరిగి వస్తుంది. ఆ తరువాత వదిలితే మార్కుల పత్రంలో ‘డబ్ల్యూ’ (మధ్యలో వదిలేశాడని గుర్తు) పడుతుంది, డబ్బు పోతుంది. వీసా ప్రకారం ఎన్ని క్రెడిట్లకు తగ్గకూడదో మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం పేజీలో ఉంటుంది, అక్కడ చూసుకో.

నేను వదల్లేదు, అలాగని నేర్చుకోనూ లేదు. డిసెంబరులో రెండు ‘బీ’లు, అల్గారిదమ్స్‌లో ‘సీ’ వచ్చాయి. జీపీఏ 2.67. ఎం.ఎస్.లో 3.0 ఉండాలి కనుక ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద, పెట్టారు. అసలు దెబ్బ అది కాదు. ఈ రాష్ట్రంలో పోటీ మీద కనీసం వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ తెచ్చుకున్న విద్యార్థికి బయటివారి ఫీజు కాకుండా స్థానికుల ఫీజు వేసే వెసులుబాటు ఉంది. నాకు ఆ వెయ్యి డాలర్లు వచ్చాయి. జీపీఏ 3.0 కన్నా తగ్గితే స్కాలర్‌షిప్ పోతుందని దాని ఉత్తరంలో మూడో పేరాలో ఉంది. చదివాను, పట్టించుకోలేదు. అది పోవడంతో స్థానికుల ఫీజూ పోయింది. క్రెడిట్‌కు 275 డాలర్ల చొప్పున తొమ్మిది క్రెడిట్లకు 2,475 డాలర్లు అదనంగా పడ్డాయి. అప్పటి లెక్కన దాదాపు లక్షా తొమ్మిది వేల రూపాయలు. క్యాంపస్ భోజనశాలలో నాకు గంటకు ఆరు డాలర్లు ఇచ్చేవారు, వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. అంటే వారానికి 120 డాలర్లు. తిండీ అద్దే మానేసి మొత్తం కట్టినా 20 వారాలు దాటుతుంది. సెమిస్టరే 16 వారాలు. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి వంటింటి గోడకు అంటించుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నాన్నగారికి చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఫోను కార్డు గీకి, నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసేవాడిని. చివరికి చెప్పినప్పుడు ఆయన తిట్టలేదు. ‘ఆ మాస్టారిని అడిగావా?’ అని ఒక్కటే అడిగారు. జీవితమంతా పాఠం చెప్పిన మనిషికి ముందు తోచింది అది. నిజానికి నేను అడిగింది డిసెంబరులో, గ్రేడు వచ్చాక. స్కాలర్‌షిప్ పోతుంది, కొంచెం పెంచండి అని బతిమాలాను. ఆ ప్రొఫెసర్ సిలబస్ తీసి శాతాలు చూపించి పంపేశారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన చేసింది సరైనదే అనుకుంటాను. సెప్టెంబరులో పాఠం అడిగితే గంట కూర్చుని చెప్పేవారు ఇక్కడ దాదాపు అందరూ. డిసెంబరులో మార్కులు అడిగితే ఇచ్చేవారు ఉండరు, అడగడం కూడా తప్పే.

స్ప్రింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పింది ఒక పెద్దావిడ. ఆమె పేరు వింటే మనవాళ్ళు ఆమడ దూరం వెళ్ళేవారు. మిగతా తరగతులు నిండిపోయి నాకు ఆవిడే దిక్కయ్యారు. ప్రతి వారం ప్రోగ్రాము రాయాలి. ఇచ్చిన వారం తిరక్కుండా దిద్ది ఇచ్చేవారు, ఎక్కడ తప్పో అంచున ఎర్ర సిరాతో రాసి ఉండేది. ఈసారి రెండో మంగళవారమే ఆవిడ గదికి వెళ్ళాను. పేజ్ టేబుల్ నాకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడి నుంచి కాగితం మీద గీసి చెప్పారు. అలా ఆ సెమిస్టర్‌లో పన్నెండు సార్లు వెళ్ళాను. ‘ఏ’ వచ్చింది. అంతకన్నా ముఖ్యం, మరుసటి ఫాల్‌లో ఆవిడే నన్ను తన కోర్సుకు టీచింగ్ అసిస్టెంటుగా, అంటే ప్రొఫెసర్ కింద పనిచేసే విద్యార్థిగా, తీసుకున్నారు. వారానికి 20 గంటల అసిస్టెంట్‌షిప్ ఉన్నవారికి ఇక్కడ స్థానికుల ఫీజే పడుతుంది. పోగొట్టుకున్నది ఆ ‘కఠినమైన’ ఆవిడ వల్లే నాకు తిరిగి వచ్చింది. మార్కులు సులువుగా వేసేవారు నిన్ను గుర్తుపెట్టుకోవలసిన అవసరం వారికి రాదు. మంచి అసిస్టెంట్ల కోసం వెతికేది ఎక్కువ పని ఇచ్చేవారే. నీ సీనియర్లు ఈ లెక్క వేయరు, వాళ్ళ చూపు గ్రేడు మీదే ఉంటుంది.

అయితే కఠినంగా ఉండే ప్రతివారూ మంచి గురువులని నేను అనను. హోంవర్క్ దిద్ది ఇవ్వకుండా నెలలు గడిపేవారు, పుస్తకం చూసి చదివి వెళ్ళిపోయేవారు కూడా ఉంటారు. ఎలా తెలుస్తుందంటావా? టెక్సాస్‌లో 2009లో చేసిన చట్టం వల్ల ప్రభుత్వ యూనివర్సిటీలు డిగ్రీ కోర్సుల సిలబస్‌లు, బోధించేవారి అర్హతల వివరాలు అందరికీ కనిపించేలా ఉంచాలి. ఎం.ఎస్. కోర్సులవి కూడా చాలా చోట్ల దొరుకుతాయి. ఇద్దరి పాత సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఒకే ఒక్క పరీక్షకు 60 శాతం ఇచ్చేవారి దగ్గర ఒక చెడ్డ రోజు నీ ఫీజును మింగేస్తుంది. పది హోంవర్క్‌లు, రెండు మిడ్‌టర్మ్‌లు, ఒక ప్రాజెక్టుగా పంచేవారి దగ్గర తప్పు దిద్దుకునే సమయం ఉంటుంది. విద్యార్థులు ప్రొఫెసర్లకు మార్కులు వేసే వెబ్‌సైటు 1999 నుంచీ ఉంది. చూడు, కానీ అంకెలు చూడకు, మాటలు చదువు. బాగా నచ్చినవారు, బాగా మండినవారు మాత్రమే అక్కడ ఎక్కువగా రాస్తారు. ‘చెత్త’, ‘అద్భుతం’ అన్నవి వదిలెయ్యి. ‘హోంవర్క్ వారంలో తిరిగి ఇస్తారు’, ‘పరీక్ష పాఠంలో చెప్పినదానికి సంబంధం లేకుండా ఉంటుంది’ అన్నలాంటి వాక్యాలు ఏరుకో. ఎప్పుడు రాశారో తేదీ చూసుకో. నన్ను ముంచింది పాతబడిన మాటే.

వచ్చే సెమిస్టర్ నుంచి వీలైతే మూడు కోర్సులు కావలసినచోట నాలుగు తీసుకుని, మొదటి రెండు వారాలు నాలుగింటికీ వెళ్ళి, 12వ రోజులోపు ఒకటి వదిలెయ్యి. ముందు ఆ ఫీజు చూపిస్తారు కనుక వాయిదాల పద్ధతి ఉందేమో అడుగు. పుస్తకం మాత్రం మొదటి తరగతి కాకముందు కొనకు. నేను 118 డాలర్లు పెట్టి కొన్న పుస్తకం ఆ సెమిస్టర్ అంతా ఒక్కసారి కూడా తెరవలేదు. లైబ్రరీలో రెండు గంటలకు ఇచ్చే ప్రతి ఉంటుంది.

ఇంకొకటి ఉంది, దీనిలో నాకు జాలి లేదు. నాతో గది పంచుకున్న ఒకతను స్నేహితుడి ప్రోగ్రాములో పేర్లు మార్చి తనదిగా ఇచ్చాడు. అలాంటివి పట్టుకునే ‘మాస్’ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచే ఉంది. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఇద్దరికీ ‘ఎఫ్’ పడింది. ఇద్దరూ ఆ కోర్సుకు మళ్ళీ పూర్తి ఫీజు కట్టారు. మనలో సాయం అనుకునేది ఇక్కడ దొంగతనం కింద రాస్తారు. కలిసి చర్చించండి, బోర్డు మీద గీసుకోండి, కానీ రాసేటప్పుడు ఎవరి గదిలో వాళ్ళు కూర్చోండి.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. ఆ సులువైన ఆయన పేరు ఈ సెమిస్టర్ జాబితాలో నిజంగా ఉందో లేదో ఈ రాత్రే చూడు. రెండో ఆవిడకు పొట్టిగా ఒక మెయిల్ రాయి: ‘ప్రొఫెసర్’ అని, ఇంటిపేరు జోడించి మొదలుపెట్టి, ఒక తరగతికి వచ్చి కూర్చోవచ్చా అని అడుగు. కాదనేవారు తక్కువ. ఇద్దరి సిలబస్‌లూ, నీ స్కాలర్‌షిప్ ఉత్తరం ఉంటే దాని షరతులూ నాకు పంపు. శనివారం పొద్దున కాఫీ తాగుతూ మొత్తం చదివి, మీ నాన్నగారి డబ్బు ఎవరి తరగతిలో పెట్టాలో నా అభిప్రాయం ఆదివారంలోగా రాస్తాను. 12వ రోజుకు నీకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.