కామెరూన్‌లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ తిరుగుబాటు భాష గొడవేనా?

ఒక భాష కోసం తుపాకీ పట్టి వేరే దేశం అడుగుతారా అని మీ ప్రశ్న. భాష పైకి కనిపించేది మాత్రమే. అసలు గొడవ కోర్టులోనూ బడిలోనూ ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ వలసగా ఉన్న కామెరూన్‌ను బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. 1961 ఫిబ్రవరి 11న బ్రిటిష్ దక్షిణ కామెరూన్ జనానికి ఐక్యరాజ్యసమితి రెండే దారులు చూపింది: నైజీరియాలో కలవండి, లేదా ఫ్రాన్స్ వాటా నుంచి ఏర్పడిన కామెరూన్‌లో కలవండి. సొంతంగా ఉంటామనే దారి బ్యాలెట్‌లో లేదు. వేర్పాటువాదులు నేటికీ ముందు ఎత్తేది ఇదే. 2,33,571 మంది కామెరూన్‌కు, 97,741 మంది నైజీరియాకు ఓటేశారు. కలిసింది సమాఖ్యలో. ఆ సమాఖ్యను 1972లో రెఫరెండం పెట్టి తీసేశారు. ఓట్లు దేశమంతటికీ కలిపి లెక్కపెట్టారు కాబట్టి, ఐదోవంతు ఉన్న ఇంగ్లీషు జనం మొత్తంగా వద్దన్నా అది ఆగేది కాదు.

ఇక కోర్టు సంగతి. ఇంగ్లీషు ప్రాంతాల ముఖ్య పట్టణాలైన బమెండా, బుయా కోర్టుల్లో నడిచేది ఇంగ్లీషు కామన్ లా. అక్కడ సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేది లాయరు. ఫ్రెంచి పద్ధతిలో విచారణ నడిపేది జడ్జి. ఫ్రెంచి చట్టం చదివిన జడ్జిని తెచ్చి బమెండాలో కూర్చోబెడితే లాయరుకు చేతులు కట్టేసినట్టే, కక్షిదారుకు జడ్జి మాటే అర్థం కాదు. ఇంగ్లీషు బడుల్లో ఫ్రెంచి టీచర్లను వేయడమూ ఇలాంటిదే. 2016 అక్టోబరులో లాయర్లు, నవంబరులో టీచర్లు సమ్మెకు దిగింది ఇందుకే. అప్పుడు వాళ్ళు అడిగింది వేరే దేశం కాదు. 2017 జనవరిలో ఆ నాయకులను అరెస్టు చేసి, 93 రోజులు ఇంటర్నెట్ కోసేశారు. నా లెక్కలో పెద్ద తప్పు అక్కడే జరిగింది. మాట్లాడదామన్నవాళ్ళు జైలుకు పోయాక, వేరే దేశమన్నవాళ్ళ గొంతే మిగిలింది. అక్టోబరు 1న వాళ్ళు అంబజోనియా పేరుతో వేరే దేశం ప్రకటించారు. దాని నాయకుడు సిసికు ఆయుక్ తాబే 2018 జనవరిలో అబూజాలో దొరికిపోయాడు. 2019లో సైనిక కోర్టు యావజ్జీవం వేసింది.

సోమవారం 'ఘోస్ట్ టౌన్' అని వింటుంటారు. కొట్లు మూసి, టాక్సీలు ఆపి, బడి మానేయడం. శాంతియుత బందుగానే మొదలైంది. తర్వాత సాయుధులు దాన్ని బలవంతంగా నడిపించారు. తెరిచిన కొట్టు తగలబడేది, బడికెళ్ళే పిల్లలు లక్ష్యమయ్యేవారు. 2020 అక్టోబరు 24న కుంబాలో ఒక బడిలో జరిగిన కాల్పుల్లో ఏడుగురు పిల్లలు పోయారు. సైన్యం చేతులూ రక్తసిక్తమే: అదే ఏడు ఫిబ్రవరిలో ఎన్‌గార్బులో పిల్లలతో సహా ఊరివాళ్ళను చంపేస్తే, ప్రభుత్వం మొదట కాదని, రెండు నెలలకు తన సైనికుల పాత్ర ఒప్పుకుంది.

2019 డిసెంబరులో రెండు ఇంగ్లీషు ప్రాంతాలకూ ప్రత్యేక హోదా చట్టం వచ్చింది. వాటి గవర్నర్లను మాత్రం ఇప్పటికీ రాజధాని యావుండే నుంచి అధ్యక్షుడే నియమిస్తాడు.