ఒక్క డైరెక్టరీ కోసం ఫైల్ సిస్టమ్ మొత్తాన్నీ వెనక్కి తేవాలా?

మెయిన్‌ఫ్రేమ్ సిస్‌ప్లెక్స్‌లోని (కలిపి నడిపే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ల గుంపులోని) సిస్టమ్‌లన్నీ కలిసి వాడుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే యూనిక్స్ ఫైల్ సిస్టమ్‌లో ఒక డైరెక్టరీ పొరపాటున తుడిచిపెట్టుకుపోయిందనీ, గత రాత్రి తీసిన డంప్ (బ్యాకప్ కాపీ) ఉందనీ, ఆ ఒక్క డైరెక్టరీ కోసం మొత్తం రీస్టోర్ చేయక తప్పదా అనీ మీరు అడిగారు. తప్పదు. అయితే రీస్టోర్ చేసేది పాతదాని మీదికి కాకూడదు, వేరే పేరుతో దాని పక్కనే చేయాలి. పాతదాని మీదికి చేయాలంటే ముందు అన్ని సిస్టమ్‌ల నుంచీ దాన్ని అన్‌మౌంట్ చేయాల్సి (వాడుకలోంచి విడదీయాల్సి) వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, డంప్ తీసిన క్షణం నుంచి ఇప్పటి వరకు మిగతా డైరెక్టరీలలో ఇతరులు రాసుకున్నదంతా పోతుంది. ఒకరి పొరపాటును సరిదిద్దబోయి పదిమంది పనిని చెరిపినట్లవుతుంది.

ఇలా చేయక తప్పకపోవడానికి కారణం ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అగ్రిగేట్ (ఫైల్ సిస్టమ్‌ను పట్టి ఉంచేది) అంటే డిస్కు మీద ఒక వీశామ్ లీనియర్ డేటాసెట్, మెయిన్‌ఫ్రేమ్ దృష్టిలో ఒకే పెద్ద ఫైలు. డంప్ తీసే డీఎఫ్‌ఎస్‌ఎంఎస్‌డీఎస్‌ఎస్ ప్రోగ్రామ్‌కు, అంటే మనం రోజూ డీఎస్‌ఎస్ అనుకునే దానికి, మామూలు డేటాసెట్ డంప్‌లో కనిపించేది ఆ డేటాసెట్ ఒక్కటే; లోపలి డైరెక్టరీల సంగతి దానికి తెలియదు. కొత్త విడుదలల్లో ఒక్కో యూనిక్స్ ఫైలును దాని పాత్ చెప్పి డంప్ చేసే సదుపాయం వచ్చిన మాట నిజమే గానీ, డంప్ మొదటే ఆ పద్ధతిలో తీసి ఉంటేనే అది పనికి వస్తుంది. మీరు చెప్పిన దాన్ని బట్టి మీ దగ్గర ఉన్నది డేటాసెట్ డంపే.

కాబట్టి రీస్టోర్ జాబ్‌లో రీనేమ్ అన్‌కండిషనల్ అనే కీవర్డ్ వాడి కొత్త పేరు ఇవ్వండి. క్లస్టర్‌తో (మొత్తం డేటాసెట్‌తో) పాటు అసలు డేటా ఉండే డేటా కాంపొనెంట్ పేరు కూడా మారేలా పేరు నమూనాను సరిచూసుకోండి. అసలు అగ్రిగేట్ ఎంత ఉందో అంత ఖాళీ స్థలం కావాలి. దొరకాల్సిన డైరెక్టరీ చిన్నదే కదా అని చిన్న వాల్యూమ్ (డిస్కు) వైపు పంపితే జాబ్ విఫలమవుతుంది. పేరు మారిన అగ్రిగేట్‌ను మొదటిసారి మౌంట్ చేసేటప్పుడు రీడ్-రైట్‌గానే చేయాలి, ఎందుకంటే అప్పుడే జెడ్‌ఎఫ్‌ఎస్ కొత్త పేరును డిస్కు మీద రాసుకుంటుంది. పాత కాపీ చెడిపోకూడదన్న జాగ్రత్తతో చాలామంది నేరుగా రీడ్-ఓన్లీగా మౌంట్ చేయబోయి అక్కడ చిక్కుకుంటారు. ఒకసారి రీడ్-రైట్‌గా మౌంట్ చేసి, అన్‌మౌంట్ చేసి, ఆ తరువాత రీడ్-ఓన్లీగా మౌంట్ చేసుకుంటే సరిపోతుంది.

మౌంట్ చేసే చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. షేర్డ్ ఫైల్ సిస్టమ్ కనుక మీరు ఒక సిస్టమ్‌లో చేసిన మౌంట్ అన్ని సిస్టమ్‌ల వారికీ కనిపిస్తుంది. మౌంట్ పాయింట్‌కు (ఫైల్ సిస్టమ్‌ను తగిలించే డైరెక్టరీకి) అనుమతులు బిగించినా ప్రయోజనం లేదు, మౌంట్ కాగానే దాని స్థానంలోకి రీస్టోర్ అయిన ఫైల్ సిస్టమ్ రూట్ డైరెక్టరీ అనుమతులు వస్తాయి. అందుచేత ముందు 700 అనుమతులతో, అంటే యజమాని ఒక్కరే తెరవగలిగేలా, ఒక డైరెక్టరీ సృష్టించి, దాని లోపల మౌంట్ పాయింట్ పెట్టండి.

ఇక మీరు అడగకపోయినా నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న ఒకటుంది. ఆ డంప్ ఎలా తీశారు? నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా మీకు వచ్చిన అవసరమే వచ్చింది. రాత్రి బ్యాచ్ స్క్రిప్టులున్న డైరెక్టరీని ఎవరో తప్పు చోట నిలబడి తుడిచేశారు. ముందు రాత్రి డంప్‌ను కొత్త పేరుతో రీస్టోర్ చేశాం, జాబ్ సున్నా రిటర్న్ కోడ్‌తో ముగిసింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. తీరా మౌంట్ చేసి చూస్తే సగం డైరెక్టరీలు తెరుచుకోలేదు, సాల్వేజ్ (ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసి బాగుచేసే ప్రోగ్రామ్) నడిపితే దెబ్బతిన్న చోట్లు వరుసగా బయటపడ్డాయి. అసలు సంగతి ఏమిటని వెతికితే, ఆ డంప్‌ను సిస్‌ప్లెక్స్ బయట ఉన్న వేరే సిస్టమ్ నుంచి డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్లు నకలు చేసే ఫుల్ వాల్యూమ్ ఫిజికల్ డంప్‌గా తీస్తున్నారని తేలింది.

డేటాసెట్ పేరుతో తీసే లాజికల్ డంప్‌ను షేర్డ్ ఫైల్ సిస్టమ్‌లో సభ్యత్వం ఉన్న సిస్టమ్ నుంచి నడిపితే, డీఎస్‌ఎస్ ముందుగా జెడ్‌ఎఫ్‌ఎస్‌తో మాట్లాడి ఆ అగ్రిగేట్‌ను క్వైస్ చేయిస్తుంది, అంటే తాత్కాలికంగా నిలిపి ఉంచుతుంది. మెమరీలో ఉన్న మార్పులు డిస్కు మీదికి చేరతాయి, డంప్ పూర్తయ్యే దాకా కొత్త మార్పులు వేచి ఉంటాయి. ఫిజికల్ వాల్యూమ్ డంప్‌లో ఈ క్వైస్ జరగదు. బయటి సిస్టమ్‌కైతే ఆ అగ్రిగేట్ మౌంట్ అయి ఉందన్న సంగతే తెలియదు. అలా తీసిన కాపీలో మొదటి భాగం ఒక క్షణానిదీ చివరి భాగం మరో క్షణానిదీ అయి ఉండవచ్చు, అది అదృష్టం బాగుంటే పనిచేస్తుంది, లేకపోతే మాకు జరిగినట్లే జరుగుతుంది. ఆ రోజు నాలుగు రోజుల నాటి లాజికల్ డంప్ ఒకటి ఎవరి దగ్గరో మిగిలి ఉండబట్టి బయటపడ్డాం. అప్పటి నుంచి కొత్త చోట పనిలో చేరితే నేను మొదట తెరిచి చదివేది డంప్ జాబ్ జేసీఎల్‌నే (జాబ్‌ను నడిపే ఆదేశాలనే).

క్వైస్ వల్ల అప్లికేషన్లు ఆగిపోతాయని కొందరు భయపడి దాన్ని తప్పించే దారులు వెతుకుతారు. ఆ భయానికి మందు కాన్‌కరెంట్ కాపీ, అంటే ఒక క్షణం నాటి స్థితిని పట్టి ఉంచే పద్ధతి. ఆ సెషన్ ఏర్పడగానే క్వైస్ తొలగిపోతుంది, అసలు డేటా కదలిక తరువాత తీరిగ్గా జరుగుతుంది. ఏ కారణం చేతనైనా క్వైస్ అలాగే నిలిచిపోతే కన్సోల్ మీద ఐఓఈజెడ్00581ఈ సందేశం కదలకుండా కనిపిస్తుంది, ఏ డంప్ జాబూ నడవడం లేదని నిర్ధారించుకున్నాక అన్‌క్వైస్ కమాండ్ ఇవ్వవచ్చు.

మౌంట్ అయి డైరెక్టరీ కనిపించిన తరువాత కాపీ చేసే పద్ధతిలోనూ ఒక గొయ్యి ఉంది. పై అనుభవంలోనే ఆ స్క్రిప్టులతో పాటు ఒక డీమన్ (వెనుక ఎప్పుడూ నడుస్తుండే) ప్రోగ్రామ్ కూడా ఉండేది. తొందరలో దాన్ని ఏ ఆప్షనూ లేని సాధారణ సీపీ (కాపీ) కమాండ్‌తో తెచ్చాం. ఫైలు పరిమాణం సరిపోయింది, అనుమతులు సరిపోయాయి, డీమన్ మాత్రం లేవలేదు. ఎన్విరాన్‌మెంట్ కంట్రోల్డ్‌గా ఉండాలంటూ బీపీఎక్స్‌పీ014ఐ సందేశం వచ్చింది. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్‌కు పెద్ద ఈ ఆప్షన్ ఇచ్చి రెండు కాపీలనూ పక్కపక్కన చూస్తే, పాతదానిలో ఉన్న పీ అక్షరం కొత్తదానిలో లేదు. ఆ పీ అంటే ప్రోగ్రామ్ కంట్రోల్ గుర్తు, నమ్మదగిన ప్రోగ్రామ్ అని చెప్పేది. అదీ, ప్రత్యేక అధికారాలతో నడవవచ్చని చెప్పే ఏపీఎఫ్ గుర్తూ సాధారణ కాపీతో రావు. ఫైళ్లను నకలు చేసే పాక్స్ కమాండ్‌ను చదివి-రాసే పద్ధతిలో, అన్నీ నిలుపుకునే పీ-ఈ ఆప్షన్‌తో నడపండి. అయినా ఆ గుర్తులు పెట్టే అధికారం మీ యూజర్‌కు ఉండాలి. ఏపీఎఫ్‌కు బీపీఎక్స్.ఫైల్‌ఏటీటీఆర్.ఏపీఎఫ్ భద్రతా ప్రొఫైల్‌లోనూ, ప్రోగ్రామ్ కంట్రోల్‌కు అదే వరుసలోని ప్రోగ్‌సీటీఎల్ ప్రొఫైల్‌లోనూ రీడ్ అనుమతి కావాలి. రూట్ (సూపర్‌యూజర్)గా ఉన్నంత మాత్రాన అవి వచ్చేయవు.

మీ డంప్ చాలా పాతదైతే, అది జెడ్‌ఎఫ్‌ఎస్‌దేనా లేక దానికి ముందు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌దా అని కూడా చూసుకోండి. 2021లో వచ్చిన మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్ ఓఎస్ 2.5తో హెచ్‌ఎఫ్‌ఎస్ పూర్తిగా తొలగిపోయింది. అలాంటి డంప్ రీస్టోర్ అయినా మౌంట్ కాదు, దాన్ని 2.4 లేదా అంతకు ముందరి సిస్టమ్ మీదే తెరిచి జెడ్‌ఎఫ్‌ఎస్‌లోకి మార్చుకోవాలి.

డైరెక్టరీ తిరిగి చేరాక రీస్టోర్ చేసిన అగ్రిగేట్‌ను వెంటనే తుడిచేయకండి. ఆ ఫైళ్ల యజమాని తన జాబులు ఒకసారి నడిపి అన్నీ ఉన్నాయని చెప్పే వరకు దాన్ని రీడ్-ఓన్లీగా ఉంచి, ఆ తరువాతే అన్‌మౌంట్ చేసి తొలగించండి. మా డీమన్‌కు లేని ఆ పీ అక్షరాన్ని మేము కనిపెట్టగలిగింది, పోల్చి చూడటానికి పాత కాపీ ఇంకా మౌంట్ అయి ఉండటం వల్లనే.