కంటెయినర్‌లో థార్, ట్రెయిలర్

ప్రశ్న: పైన టెంట్ బిగించిన మా థార్ జీపునూ, చిన్న ట్రెయిలర్‌నూ చెన్నై నుంచి కెన్యాలోని మొంబాసాకు ఓడలో పంపాలి. ఒకే 40 అడుగుల కంటెయినర్‌లో పడతాయా?

జవాబు: పొడవుకు ఢోకా లేదు, లోపల 12 మీటర్లుంటుంది. చిక్కంతా ఎత్తుతోనే. మామూలు కంటెయినర్ తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లే. టెంటుతో కలిపి కొలవండి. మించితే హైక్యూబ్ (ఎత్తు ఎక్కువున్న కంటెయినర్) అడగండి, తలుపు 2.58 దాకా వస్తుంది. టైర్లలో గాలి తీసి దూర్చేవాళ్లూ ఉన్నారు, మేం మాత్రం అలా చేయమని చెప్పం. తలుపు వెడల్పు 2.34 కాబట్టి అద్దాలు మడవాలి, లోపల కారు డోరు కొద్దిగానే తెరుచుకుంటుంది. బక్కపలచటి డ్రైవరైతే మేలు!

ముందు ట్రెయిలర్‌ను లోపలికి నెట్టించండి. కట్లు ఛాసిస్‌కు (బండి చట్రానికి) కాదు, చక్రాలకు వేయించండి. ఓడ ఊగినప్పుడు సస్పెన్షన్ కుంగితే ఛాసిస్ కట్టు వదులైపోతుంది. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు మేకులతో కొట్టించండి. ట్యాంకులో ఇంధనం పావుకు మించొద్దు, బ్యాటరీ తీగ విప్పాలి, వంట గ్యాస్ సిలిండర్ తీసేయాలి. ట్రెయిలర్ ఛాసిస్ నంబరు కూడా పత్రాల్లో ఉందో లేదో చూసుకోండి.