బెంగళూరు సీటు గురించి చిన్నీకి

చిన్నీ,

ఏజెంట్ ఇచ్చిన కాగితం మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. బీఎస్సీ నర్సింగ్, నాలుగేళ్లు, బెంగళూరు. క్లాసులకు రాకపోయినా అటెండెన్స్ తాము చూసుకుంటామన్నారట. ఆ కాలేజీ వద్దనడానికి ఆ ఒక్క మాట చాలు.

దేశంలో నర్సుల కొరత ఉంది, ఎక్కడ చదివినా ఉద్యోగం గ్యారంటీ అని ఆ ఏజెంట్ చెప్పేది సగమే నిజం. నర్సింగ్ కౌన్సిళ్ల రిజిస్టర్లలో 33 లక్షలకు పైగా పేర్లున్నాయి. అయినా 2022 నాటి ప్రభుత్వ లెక్క ప్రకారమే వెయ్యి మంది జనానికి 1.96 మంది నర్సులు, ఉండాల్సింది ముగ్గురు. ఆ పేర్లలో గల్ఫ్‌కు పోయినవాళ్లూ ఉంటారు, పెళ్లయ్యాక మానేసినవాళ్లూ ఉంటారు. మానేయక ఏం చేస్తారు? సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20 వేలు తగ్గకూడదంది. అనంతపురంలో ఏ చిన్న నర్సింగ్ హోమ్‌లోనైనా అడిగి చూడు, ఎంత ఇస్తున్నారో తెలుస్తుంది.

మంచి జీతం రావాలంటే చేతికి పని వచ్చి ఉండాలి. అందుకే కాలేజీ బిల్డింగ్ చూడొద్దు, దానికి సొంత ఆసుపత్రి ఉందా, అందులో కాన్పులు జరుగుతాయా అని అడుగు. లేబర్ రూమ్‌లో నిలబడితే తప్ప రాని విద్య ఇది. నొప్పులు పడుతున్న ఆమె పొట్ట మీద చెయ్యి ఉంచి, గడియారం చూస్తూ, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయో, ఒక్కోటి ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెట్టి, కాన్పు సాగే తీరు రాసే చార్టులో, అంటే పార్టోగ్రాఫ్‌లో, గుర్తు పెట్టాలి. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడిందో మెత్తగా ఉందో చెయ్యే చెప్పాలి. మెత్తగా ఉంటే రక్తం ఆగదు, డాక్టరమ్మ వచ్చేలోపే నువ్వు మసాజ్ మొదలుపెట్టాలి. కేస్ బుక్‌లో పక్కవాళ్లవి చూసి రాసుకున్న కాన్పులు ఆ రాత్రి పనికిరావు.

2018లో కేంద్రం మిడ్‌వైఫరీ మీద, అంటే కాన్పులు చేసే నర్సుల పని మీద, మార్గదర్శకాలు తెచ్చింది. నర్సింగ్ చదివినవాళ్లు ఇంకో 18 నెలలు శిక్షణ తీసుకుంటే మామూలు కాన్పులు సొంతంగా చూడొచ్చు. సిజేరియన్లు ఇంతగా పెరిగిన రోజుల్లో అది మంచి దారని నా అభిప్రాయం. మీ నాన్నకు మాత్రం జర్మనీ మీదే మనసు. పోతే పో, కానీ జర్మన్ భాష పరీక్ష పాస్ కావాలి, అది నర్సింగ్‌కు తోడు ఇంకో చదువనుకో.

బీఎస్సీ సీటు రాకపోతే ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో మూడేళ్ల జీఎన్ఎం డిప్లొమా తీసుకో. నామోషీ ఏమీ లేదు, డిప్లొమా ఉన్నవాళ్లు చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ తర్వాత చేసుకోవచ్చు. కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట ఒక్క నైట్ డ్యూటీలో చూసేది ఖాళీ వార్డుల కాలేజీలో నెలకైనా చూడవు.

ఇంకొకటి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. ఉద్యోగంలో చేరేటప్పుడు బాండ్ పేరుతో అడుగుతారు, జిరాక్స్‌లు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో. ఏజెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే రసీదు జాగ్రత్త చేయమని నాన్నకు చెప్పు. ఆ డబ్బు నేను మాట్లాడి వెనక్కి ఇప్పిస్తాను.

మీ అత్త,
కర్నూలు