అమ్మ నగలు తాకట్టు పెట్టి అమ్మాయికి డబ్బా?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. తిరుపతి కొర్లగుంటలో రెండు గదుల సొంత ఇల్లు. పెళ్లిళ్లకు నాదస్వరం వాయిస్తాను. తాగుడు వల్ల 18 ఏళ్ల కిందట భార్యకూ కూతురికీ దూరమయ్యాను. తాగుడు మానేసి మూడేళ్లయింది. భార్య చనిపోయింది. ఆమె నగలు 8 సవర్లు నా బీరువాలోనే ఉండిపోయాయి. చిత్తూరులో ఉన్న మా ఒక్కగానొక్క కూతురు మొన్న తిరుచానూరు పంచమి తీర్థంలో కనిపించి పలకరించింది. మనవరాలు ఇంజనీరింగ్‌లో చేరుతోందట. నగలు తాకట్టు పెట్టి 3 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి 3 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చి, మొత్తం 5 లక్షలు అమ్మాయి చేతిలో పెట్టాలనుకుంటున్నాను. బ్యాంకులో 2.40 లక్షల డిపాజిట్ ఉంది. సగటున నెలకు 18 వేలు వస్తుంది, 14 వేలు ఖర్చవుతుంది. ఆరోగ్య బీమా లేదు.

జవాబు: వద్దండీ. దూరమైన పిల్లలకు పెద్దవాళ్లు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, రెండేళ్లు తిరక్కుండానే ఆసుపత్రి బిల్లుతో అదే పిల్లల గుమ్మం ఎక్కడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే.

ముందు లెక్క చూడండి. నగల మీద బ్యాంకు 9 శాతానికే ఇచ్చిందనుకున్నా 3 లక్షలకు ఏడాదికి 27 వేల వడ్డీ. నూటికి 3 రూపాయలంటే 36 శాతం, 2 లక్షలకు ఏడాదికి 72 వేలు. రెండూ కలిపితే నెలకు 8,250. మీకు మిగిలేది 4 వేలు. అసలులో ఒక్క రూపాయి తీర్చకుండానే నెలనెలా 4,250 తక్కువ పడుతుంది. ఆ వడ్డీ అప్పు ఇచ్చేవాళ్లు ప్రోనోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా అడుగుతారు. మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించి, కట్టని వడ్డీని అసలులో కలిపేస్తారు. ఆ చెక్కు బ్యాంకులో వేసి, అది బౌన్స్ అయితే కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే. 67 ఏళ్ల వయసులో ముహూర్తాల మీద బతికే మనిషి 36 శాతం వడ్డీ మాట ఎత్తడమే తప్పు.

ఇక నగలు. తాగుడు రోజుల్లో కూడా వాటిని అమ్మలేదంటే మిమ్మల్ని మెచ్చుకోవాలి. కానీ అవి పూర్తిగా మీవి కావు. మీ భార్య వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆమె సొత్తు భర్తకూ పిల్లలకూ సమానంగా వెళ్తుంది. ఒక్కతే కూతురు కాబట్టి అందులో సగం ఆమెదే. అంటే ఆమె నగలే తాకట్టు పెట్టి ఆమెకే డబ్బు ఇవ్వబోతున్నారు! కిస్తీ తప్పితే వేలానికి పోయేది వాళ్లమ్మ పుస్తెల తాడు. ఆ మాట ఆమెకు ఎలా చెబుతారు? పైగా 8 సవర్లకూ అప్పు పుట్టదు, కమ్మల్లో రాళ్లు, లక్క తూకం తీసేసి మిగిలినదానికే లెక్క కడతారు. అమ్మాయిని పిలిచి, ఆమె ఎదుటే నగల దుకాణంలో ఒక్కో నగ తూకం వేయించి, కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి అప్పగించండి. అందుకు వడ్డీ లేదు.

చదువుకు విద్యా రుణం ఉంది. మనవరాలు, తల్లి కలిసి దరఖాస్తు చేసుకోవాలి. 4 లక్షల దాకా హామీ ఆస్తి, మార్జిన్ (మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా) అడగరు. కన్వీనర్ కోటా సీటైతే ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత కూడా ముందే చూసుకోమనండి, అసలు అప్పే తగ్గొచ్చు. ఏడాదికి లక్ష చొప్పున తీసుకుంటారు కాబట్టి, 10 శాతం చొప్పున మొదటి ఏడు నెల వడ్డీ 830 చిల్లర, రెండో ఏడు 1,670 దాకా. ఈ రెండేళ్ల వడ్డీ నేను కడతానని చెప్పండి. నాలుగేళ్లకూ మాట ఇవ్వకండి, కారణం కింద ఉంది.

అసలు సంగతికి వద్దాం. మీ 2.40 లక్షల్లో రూపాయి కదపడానికి వీల్లేదు. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలు. మీకు పన్నెండు నెలలది కావాలి, 1.68 లక్షలు. ఆషాఢం, పుష్యం, మూఢం వస్తే మేళానికి పిలుపు ఉండదు. ఇంకొకటి, మీకు తెలియనిదేం కాదు: ముందు పళ్లు కదిలితే, కట్టుడు పళ్లతో నాదస్వరం పీక (నోట పెట్టుకుని ఊదే ముక్క) మీద పట్టు మళ్లీ కుదిరేదాకా వాయిద్యం మూలన పడుతుంది. దమ్ము తగ్గినా అంతే. మీ సంపాదన మెల్లగా తగ్గదు, ఒక్క సీజన్‌లో ఆగిపోతుంది. 50 వేలు పొదుపు ఖాతాలో ఉంచి, 1.18 లక్షలు మూడు వేర్వేరు డిపాజిట్లుగా చేయించండి. అవసరమైతే ఒకటి విరిస్తే చాలు, మిగతా రెండింటి వడ్డీ పోదు. మిగిలే 72 వేలు పంటి వైద్యానికీ మందులకూ పక్కన పెట్టండి. సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతం వస్తుందని ఎవరైనా అంటే వినకండి, ఐదేళ్లు కట్టేసే డబ్బు కాదిది.

బీమా విషయానికొస్తే, బియ్యం కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో ఈ వారమే వార్డు సచివాలయంలో అడగండి. వర్తించకపోతే కంపెనీ పాలసీ చూసుకోవాలి. షుగర్, బీపీ ఉంటే దాచకుండా రాయండి, దాచితే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. వాటికి మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టొచ్చు. 70 నిండగానే ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు, అందులో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

ఇల్లు అమ్మాయి పేర రాయాలనిపిస్తే ఇప్పటికి వీలునామా చాలు. డిపాజిట్లకు నామినీగా ఆమె పేరు ఇవ్వండి. ఆ ఫారంలో ఆమె వయసు రాయాలి, పుట్టిన తేదీ ఫోన్ చేసి అడగండి.